కొత్త నిబంధన ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి: సువార్తలా, పత్రికలా, బైబిల్ బయటి పుస్తకాలా?

"కొత్త నిబంధన చదవాలనుంది, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి" అని ఎవరైనా అడిగితే మన దగ్గర చాలామంది చెప్పే జవాబు ఒకటే, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టమని. మొదటి పేజీ తీస్తే మత్తయి సువార్త, అందులో మొదటి 17 వచనాలు ఎవరు ఎవరిని కన్నారో చెప్పే వంశావళి. సంఘంలో పుట్టి పెరిగినవాళ్ళకి ఆ పేర్లు అలవాటే, కొత్తగా చదివేవాళ్ళు మాత్రం అక్కడే ఆగిపోతారు, ఇంక పుస్తకం మళ్ళీ తెరవరు. ఇంకొంతమంది యూట్యూబ్‌లో "దాచిపెట్టిన సువార్తలు" అనే వీడియో చూసి నేరుగా బైబిల్ లో లేని తోమా సువార్త దగ్గరికి వెళ్తారు, అదీ అర్థం కాదు. రెండు చోట్లా ఇబ్బంది ఒకటే, ఆ పుస్తకం ఎవరి కోసం ఏ అవసరానికి రాశారో తెలియకుండా చేతిలోకి తీసుకోవడం. అది తెలిస్తే మీకు ఏది ముందు కావాలో మీరే తేల్చుకోగలరు, అందుకే ఇదంతా రాస్తున్నా. విశ్వాసంతో చదివేవాళ్ళకీ, చరిత్ర మీద ఆసక్తితో చదివేవాళ్ళకీ ఇద్దరికీ పనికొస్తుందనే నా నమ్మకం.

ముందు ఒక విషయం. కొత్త నిబంధనలో 27 పుస్తకాలున్నాయి, యేసు జీవితం చెప్పే నాలుగు సువార్తలు, అపొస్తలుల కార్యములు, 21 పత్రికలు అంటే ఉత్తరాలు, చివర ప్రకటన గ్రంథం. ప్రొటెస్టెంట్ బైబిల్ తీసినా కాథలిక్ బైబిల్ తీసినా ఈ 27 ఒకటే, తేడా అంతా పాత నిబంధనలోనే ఉంది. అయితే ఇవి అచ్చయిన వరుస వేరు, రాసిన వరుస వేరు. సువార్తలు ముందున్నాయి కాబట్టి అవే ముందు రాశారని అందరూ అనుకుంటారు గానీ, ఎక్కువమంది స్కాలర్స్ లెక్క ప్రకారం మనకి దొరికిన వాటిలో మొదటిది ఊరూరా సంఘాలు పెట్టిన అపొస్తలుడు పౌలు థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక, క్రీ.శ. 50 ప్రాంతంలో రాసింది. మొదటి సువార్త అనుకుంటున్న మార్కు 65-70 ప్రాంతం, మత్తయి లూకా 80-90 మధ్య, యోహాను మొదటి శతాబ్దం చివర. పౌలు పత్రికల వరుస కూడా తేదీల ప్రకారం పెట్టింది కాదు, పొడవును బట్టి పెట్టారు, సంఘాలకు రాసినవి ముందు, మనుషులకు రాసినవి తర్వాత, ప్రతి గుంపులో పెద్దవి ముందు చిన్నవి వెనక, అందుకే అన్నిటికన్నా పెద్దదైన రోమా పత్రిక మొదట ఉంది, ఒకే అధ్యాయం ఉన్న ఫిలేమోను చివర ఉంది. కాబట్టి విషయసూచిక చూసి వరసగా చదవాల్సిన నియమం ఏమీ లేదు.

మరి సిలువ జరిగింది 30 ప్రాంతంలో అయితే ఇరవై ఏళ్ళ పాటు ఎవరూ ఎందుకు రాయలేదు అని అడుగుతారు. చూసినవాళ్ళు బతికే ఉన్నారు, నోటితో చెప్తున్నారు, విన్నవాళ్ళు ఇంకొకరికి చెప్తున్నారు, పైగా ప్రభువు త్వరలోనే వచ్చేస్తాడన్న ఎదురుచూపు. ఆ కాలంలో చదవడం వచ్చినవాళ్ళు తక్కువ, కాపీ రాయించాలంటే ఖర్చు. రెండో శతాబ్దం మొదట్లో పాపియాస్ అనే బిషప్, పుస్తకాల కంటే బతికున్న మనిషి నోటి మాటే తనకి ఎక్కువ ఉపయోగపడిందని రాసుకున్నాడు, ఆ మాటని తర్వాత చరిత్రకారుడు యూసేబియస్ తన సంఘ చరిత్రలో ఎత్తి రాశాడు. అంటే అప్పటి వాళ్ళకి రాత అనేది మనిషి రాలేనప్పుడు వాడుకునే సాధనం. పౌలు ఎఫెసులో ఉన్నాడు, గొడవ కొరింథులో జరుగుతోంది, వెళ్ళడానికి కుదరదు, అందుకని పత్రిక. పేతురు, పౌలు లాంటి పెద్దవాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు, 64లో రోమ్ లో నీరో చక్రవర్తి క్రైస్తవుల్ని హింసించాడు, 70లో యెరూషలేము దేవాలయం కూలిపోయింది, ఇంక మాటల్ని భద్రం చెయ్యకపోతే పోతాయి, అందుకని సువార్త. రెండు రకాల పుస్తకాలకీ వెనకున్న అవసరం ఇలా వేరు వేరు.

ఇప్పుడు మొదటి ఎంపిక, పత్రికలు ముందా సువార్తలు ముందా. పత్రికల్లో ఉన్న గొప్ప విషయం ఏంటంటే అవి అసలు పవిత్ర గ్రంథం రాద్దామని కూర్చుని రాసినవి కావు, నిజమైన ఉత్తరాలు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక తీసుకోండి. క్లోయె ఇంటివాళ్ళు వచ్చి మీలో గొడవలున్నాయని చెప్పారు అని మొదలుపెడతాడు. నేను పౌలు వాడిని, నేను అపొల్లో వాడిని అని గ్రూపులు కట్టారు. అక్కడ పౌలు కోపంగా మీలో క్రిస్పుకి, గాయుకి తప్ప ఎవరికీ నేను బాప్తిస్మం ఇవ్వలేదు, అందుకు దేవునికి వందనాలు అంటాడు, వెంటనే గుర్తొచ్చి, ఆ స్తెఫను ఇంటివాళ్ళకి కూడా ఇచ్చాను, ఇంకెవరికైనా ఇచ్చానేమో గుర్తులేదు అంటాడు. మొదటి అధ్యాయం 14 నుంచి 16 వరకు చూడండి. ఆయన నోటితో చెప్తుంటే ఇంకొకరు రాస్తున్నారు, ముందు అన్న మాట చెరిపెయ్యలేదు, సవరణ తర్వాత వచ్చి చేరింది. రెండు వేల ఏళ్ళ తర్వాత మనకి ఆ మనిషి ఆలోచిస్తూ మాట్లాడటం వినిపిస్తుంది, నాకు మొత్తం కొత్త నిబంధనలో బాగా ఇష్టమైన చోట్లలో అదొకటి. రోమా పత్రిక చివర 16వ అధ్యాయంలో అయితే రాస్తున్నవాడే మధ్యలో దూరి "ఈ పత్రిక వ్రాసిన తెర్తియు అను నేను" మీకు వందనాలు చెప్తున్నాను అంటాడు. అదే అధ్యాయం మొదట్లో కెంక్రేయ సంఘంలో సేవ చేసే ఫీబేని చేర్చుకోమని అడుగుతాడు, ఆ పత్రికని రోమ్ కి తీసుకెళ్ళింది ఆమే అని ఎక్కువమంది అభిప్రాయం.

కొరింథు పత్రికలోనే 11వ అధ్యాయం చూస్తే సంఘం భోజనానికి కూడినప్పుడు ఉన్నవాళ్ళు ముందే తినేసి తాగేస్తున్నారు, లేనివాళ్ళు ఆకలితో మిగిలిపోతున్నారు. పౌలు దానికి మండిపడి, మీకు తినడానికి ఇళ్ళు లేవా, లేనివాళ్ళని సిగ్గుపరుస్తారా అని అడిగి, ఆ సందర్భంలోనే ప్రభువు అప్పగింపబడిన రాత్రి రొట్టె విరిచిన సంగతి చెప్తాడు. మన సంఘాల్లో ప్రతి ప్రభురాత్రి భోజనం అప్పుడు చదివే ఆ మాటలు బయటికి వచ్చింది పేదవాళ్ళ ఆకలి గురించిన గొడవలో. సువార్తల్లో ఉన్న ఆ రాత్రి వర్ణన కంటే ఇది రాతలో ముందుది. ఈ సంగతి తెలిశాక ఆ వచనాలు వినే తీరే మారిపోతుంది.

అయినా మొట్టమొదటిసారి చదివేవాళ్ళకి నేను పత్రికలతో మొదలుపెట్టమని చెప్పను. కారణం, మన దగ్గర ఉన్నది జవాబు మాత్రమే, అడిగినవాళ్ళ ప్రశ్న మన దగ్గర లేదు. అదే కొరింథు పత్రిక 7వ అధ్యాయంలో మీరు రాసినవాటి విషయం అని మొదలుపెడతాడు, వాళ్ళు రాసిన ఉత్తరం పోయింది. 5వ అధ్యాయంలో ఇంతకుముందు నేను రాసిన పత్రిక అంటాడు, అదీ పోయింది. పైగా యేసు జీవితం గురించి పత్రికల్లో చాలా తక్కువ ఉంటుంది, ఎందుకంటే వినేవాళ్ళకి ఆ కథ ముందే నోటితో చెప్పేశారు. ఇక పౌలు పేరుతో ఉన్న 13 పత్రికల్లో రోమా, 1-2 కొరింథీయులు, గలతీ, ఫిలిప్పీ, 1 థెస్సలొనీక, ఫిలేమోను ఈ ఏడూ ఆయనవే అని దాదాపు అందరూ ఒప్పుకుంటారు, మిగతా వాటి మీద చర్చ ఉంది, కొందరు ఆయన శిష్యులు ఆయన పేరు మీద రాశారంటారు, కొందరు కాదు ఆయనే అంటారు. హెబ్రీ పత్రికలో అయితే రాసినవాడి పేరే లేదు, మూడో శతాబ్దంలో ఓరిజెన్ అనే గొప్ప పండితుడు కూడా ఎవరు రాశారో దేవునికే తెలుసు అన్నాడు. మొదటిసారి చదివేవాళ్ళు ఈ చర్చలో పడక్కర్లేదు, ఆ ఏడు చాలు.

కాబట్టి సువార్త ముందు. అయితే నాలుగింటిలో ఏది?

నా సలహా మార్కు. 16 అధ్యాయాలు, ఒక సాయంత్రం కూర్చుంటే గంటన్నర రెండు గంటల్లో అయిపోతుంది, అలా ఒకే కూర్చోడంలో చదవండి, రోజుకో అధ్యాయం పెట్టుకోకండి, ఎందుకంటే అది చదివి వినిపించడానికి రాసిన కథ, ఆపకుండా సాగుతుంది. వంశావళి లేదు, పశువుల తొట్టి లేదు, నేరుగా యోర్దాను నది దగ్గర బాప్తిస్మంతో మొదలవుతుంది. ఎవరి కోసం రాశారో లోపలే ఆనవాళ్ళున్నాయి. యూదులు చేతులు కడుక్కోకుండా తినరు అని 7వ అధ్యాయంలో ఆగి వివరిస్తాడు, యూదులకి అది చెప్పక్కర్లేదు కదా. యేసు మాట్లాడిన అరామిక్ మాటల్ని "తలీతాకుమీ", "ఎప్ఫతా" అని అలాగే ఉంచి పక్కన అర్థం చెప్తాడు. సిలువ మోసిన సీమోను గురించి చెప్తూ అలెక్సంద్రుకీ రూఫుకీ తండ్రి అంటాడు, అంటే వినేవాళ్ళలో కొందరికి ఆ అన్నదమ్ములు తెలిసి ఉండాలి, లేకపోతే ఆ పేర్లు చెప్పాల్సిన పని లేదు. పాపియాస్ చెప్పినదాని ప్రకారం మార్కు పేతురుకి దుబాసీ, పేతురు చెప్పినవి గుర్తున్నంత వరకు రాశాడు. హింస కాలంలో భయపడుతున్న మనుషుల కోసం రాసినట్టే ఉంటుంది ఈ పుస్తకం, శిష్యులు పదే పదే భయపడతారు, అర్థం చేసుకోలేరు, పారిపోతారు, పేతురు నాకు తెలియదంటాడు. సైనాయిటికస్, వాటికనస్ అనే నాలుగో శతాబ్దపు రెండు పాత ప్రతుల్లో ఈ సువార్త 16వ అధ్యాయం 8వ వచనంతో ఆగిపోతుంది, ఖాళీ సమాధి చూసిన స్త్రీలు వణికిపోయి భయంతో ఎవరికీ ఏమీ చెప్పలేదు అనే దగ్గర. తర్వాతి 12 వచనాలు తర్వాత చేరాయని ఎక్కువమంది స్కాలర్స్ అంటారు. మొదటిసారి చదివేటప్పుడు 8 దగ్గర ఒకసారి ఆగండి, ఆ తర్వాత మిగతాది చదవండి.

మత్తయి ఎవరికి? ఉపదేశం కావాల్సినవాళ్ళకి. మార్కులో ఉన్నదాంట్లో దాదాపు 90 శాతం మత్తయిలో ఉంది, దాని మీద యేసు బోధల్ని ఐదు పెద్ద ప్రసంగాలుగా అమర్చాడు, కొండమీద ప్రసంగం 5 నుంచి 7 అధ్యాయాలు అందులో మొదటిది. ప్రవక్త ద్వారా పలకబడినది నెరవేరునట్లు అనే మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది, అంటే పాత నిబంధన తెలిసిన యూదు విశ్వాసుల సంఘానికి, దేవాలయం పోయాక మనం ఎవరం అనే ప్రశ్నతో ఉన్నవాళ్ళకి రాసింది. ఆ వంశావళి కూడా వాళ్ళకి చాలా అవసరం, దావీదు వంశం అని చూపించాలి. పాత నిబంధన ఇప్పటికే చదివి ఉంటే మీరు మత్తయితో మొదలుపెట్టినా పర్లేదు, లేకపోతే కొండమీద ప్రసంగం ఒక్కటి విడిగా చదవండి.

లూకా నాకు తెలిసి మన తెలుగువాళ్ళకి చదవడానికి బాగా దగ్గరగా ఉండే సువార్త, కథ చెప్పడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. మంచి సమరయుడు, తప్పిపోయిన కుమారుడు, ధనవంతుడు-లాజరు ఈ కథలు లూకాలో తప్ప ఇంకెక్కడా లేవు. తను ఎందుకు రాస్తున్నాడో మొదటి నాలుగు వచనాల్లోనే చెప్పేశాడు, చాలామంది ఇప్పటికే రాశారు, నేను మొదటి నుంచీ అన్నీ తరచి చూసి వరుసగా రాస్తున్నా, నువ్వు నేర్చుకున్నవి నిజమని తెలుసుకోడానికి అని థెయొఫిలా అనే పెద్దమనిషిని ఉద్దేశించి అంటాడు. తను కళ్ళారా చూశానని అనడు, చూసినవాళ్ళ దగ్గర నుంచి వచ్చింది అంటాడు, ఆ నిజాయితీ నాకు ఎంతో నచ్చుతుంది. మత్తయిలో "ఆత్మవిషయమై దీనులైనవారు ధన్యులు" అని ఉన్న మాట లూకాలో "బీదలైన మీరు ధన్యులు" అని సూటిగా ఉంటుంది, ఆ వెంటనే ధనవంతులకి శ్రమ అని కూడా ఉంటుంది. పేదవాళ్ళు, ఆడవాళ్ళు, సుంకరులు, సమరయులు ఈయన పుస్తకంలో ముందు వరుసలో ఉంటారు. లూకా తీసుకుంటే ఒక అదనపు లాభం కూడా ఉంది, అపొస్తలుల కార్యములు అదే చేతి రెండో భాగం, అదీ థెయొఫిలాకే, యెరూషలేము నుంచి రోమ్ దాకా కథ ఆగకుండా సాగుతుంది, అది చదివాక పౌలు పత్రికల్లో ఊర్ల పేర్లు వస్తే మీకు తెలిసినవే అవుతాయి.

యోహాను వేరే దారి. కొండమీద ప్రసంగం లేదు, దయ్యాలు వెళ్ళగొట్టడం లేదు, ఉపమానాలు మిగతా వాటిలో ఉన్నట్టు లేవు, నేను జీవాహారము, నేను వెలుగు అనే పొడుగాటి మాటలు ఉంటాయి. ఎందుకు రాశాడో 20వ అధ్యాయం చివర చెప్తాడు, మీరు నమ్మాలని, నమ్మి జీవం పొందాలని. మన దగ్గర కరపత్రాలతో పాటు విడిగా పంచేది తరచుగా ఈ సువార్తే. నా మట్టుకు నాకు ఇది రెండోదిగానో మూడోదిగానో చదివితేనే బాగా అందుతుందనిపిస్తుంది, ఎందుకంటే ఆయన చాలా సంగతులు మీకు తెలుసు అన్నట్టు రాస్తాడు. ఇంకో ముచ్చట, కొత్త నిబంధన చేతిరాత ప్రతుల్లో బాగా పాతదిగా లెక్కించే ముక్కల్లో ఒకటి యోహాను సువార్తదే, ఈజిప్టులో దొరికింది, ఇంగ్లాండ్ లో మాంచెస్టర్ రైలాండ్స్ లైబ్రరీలో ఉంది, అరచేయి కంటే చిన్నది, రెండు వైపులా 18వ అధ్యాయంలో పిలాతు ముందు విచారణ జరిగే వచనాల ముక్కలు ఉన్నాయి. రెండో శతాబ్దానిదని ఎక్కువమంది అంటారు.

నాలుగింటికీ తేడా ఒకే చోట చూడాలనుకుంటే సిలువ మీద చివరి మాటలు పక్కపక్కన పెట్టుకుని చదవండి. మార్కు, మత్తయిల్లో నా దేవా నా దేవా నన్నెందుకు చెయ్యి విడిచావు అనే కేక. లూకాలో తండ్రీ నీ చేతికి నా ఆత్మను అప్పగిస్తున్నా. యోహానులో "సమాప్తమైనది". సంఘంలో గుడ్ ఫ్రైడే రోజు ఏడు మాటలు కలిపి ధ్యానిస్తాం, అది మంచిదే, అయితే విడివిడిగా కూడా ఒకసారి చదవాలి. హింసలో ఉన్నవాళ్ళకి విడిచిపెట్టబడ్డ బాధ తెలిసిన ప్రభువు కావాలి, లూకా వినేవాళ్ళకి చివరిదాకా నమ్మకం వదలని నీతిమంతుడు కావాలి, యోహాను వినేవాళ్ళకి తను వచ్చిన పని పూర్తి చేసిన కుమారుడు కావాలి. ఎవరికి వాళ్ళు తమ మనుషుల కోసం రాశారు.

ఇక బైబిల్ బయటి పుస్తకాలు. ముందుగా వాట్సాప్ లో తిరిగే ఒక మాట గురించి చెప్పాలి, 325లో నైసియాలో జరిగిన బిషప్పుల సభలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి కూర్చుని ఏ సువార్తలు ఉంచాలి ఏవి తీసెయ్యాలి అని ఓటు పెట్టాడంట. అలా జరగలేదు. నైసియాలో చర్చ క్రీస్తు దైవత్వం గురించి, క్రీస్తు సృష్టించబడినవాడే అన్న ఆరియస్ బోధ గురించి, ఈస్టర్ తేదీ గురించి. నాలుగు సువార్తలే అన్న మాట అంతకంటే చాలా ముందు, 180 ప్రాంతంలోనే ఐరేనియస్ అనే బిషప్ రాశాడు. మిగతా పుస్తకాల విషయంలో చాలా కాలం ఒక్కో ప్రాంతంలో ఒక్కో లిస్టు నడిచింది, సిరియా సంఘాలు ప్రకటన గ్రంథం లేకుండానే 22 పుస్తకాలతో చాలాకాలం ఉన్నాయి. ఇప్పుడున్న 27 పుస్తకాల లిస్టు సరిగ్గా అలాగే మొదట కనిపించేది 367లో అలెగ్జాండ్రియా బిషప్ అథనాసియస్ రాసిన ఈస్టర్ ఉత్తరంలో.

ఒక పుస్తకాన్ని ఎలా పక్కన పెట్టేవాళ్ళో తెలియాలంటే అంతియొకయ బిషప్ సెరాపియోన్ సంగతి చూడాలి, ఇది 200 ప్రాంతంలో జరిగింది. రోస్సస్ అనే ఊళ్ళో సంఘంవాళ్ళు పేతురు పేరుతో ఉన్న ఒక సువార్త చదువుతున్నారు, ఆయన వెళ్ళినప్పుడు దాన్ని పూర్తిగా చూడకుండానే సరే చదువుకోండి అన్నాడు. తర్వాత యేసుకి నిజమైన శరీరం లేదు, ఉన్నట్టు కనిపించాడంతే అని చెప్పేవాళ్ళు దాన్ని వాడుతున్నారని తెలిసి, వాళ్ళ దగ్గర్నుంచే కాపీ తెప్పించుకుని చదివి, ఇందులో ఎక్కువ భాగం బాగానే ఉంది గానీ కొన్ని అదనంగా చేర్చారు అని చెప్పి వద్దన్నాడు. ఇంకోచోట పౌలు కార్యములు అనే పుస్తకం రాసిన ఆసియా ప్రాంతపు ఒక పెద్దని పట్టుకుని అడిగితే పౌలు మీద ప్రేమతో రాశాను అన్నాడని, అయినా పదవి పోయిందని తెర్తుల్లియన్ అనే ఆ కాలపు క్రైస్తవ రచయిత రాశాడు. ప్రేమతో రాసినా సరే, లేని పేరు పెట్టి రాస్తే ఒప్పుకోలేదన్నమాట.

బయటి పుస్తకాల్లో ఒక్కటే చదివే టైం ఉందంటే నా ఓటు దిదఖేకి, అంటే పన్నెండుమంది అపొస్తలుల బోధ అనే చిన్న పుస్తకం. 16 చిన్న అధ్యాయాలు, అరగంట పట్టదు. 1873లో ఫిలోథియోస్ బ్రియెన్నియోస్ అనే గ్రీకు మతపెద్ద కాన్‌స్టాంటినోపుల్ లోని ఒక లైబ్రరీలో 1056లో రాసిన ప్రతిలో దీన్ని కనిపెట్టాడు, 1883లో అచ్చు వేశాడు. అసలు పుస్తకం మొదటి శతాబ్దం చివరిదో రెండో శతాబ్దం మొదటిదో. ఇది సంఘం నడపడానికి రాసుకున్న నియమాల పుస్తకం. జీవమార్గం మరణమార్గం అని రెండు దారులు చెప్పి, తర్వాత పనిలోకి దిగుతుంది. బాప్తిస్మం పారే నీళ్ళలో ఇవ్వండి, అవి లేకపోతే వేరే నీళ్ళలో, చల్లవి కుదరకపోతే వేడివి, రెండూ సరిపడా లేకపోతే తలమీద మూడుసార్లు పొయ్యండి. ముంచడమా చిలకరించడమా అని మన డినామినేషన్ల మధ్య ఇప్పటికీ నడిచే వాదన గుర్తొస్తుంది కదా, ఆ కాలంలోనే దానికి ఇంత మెత్తటి జవాబు ఉంది. బుధ, శుక్రవారాలు ఉపవాసం. పరలోక ప్రార్థన రోజుకి మూడుసార్లు. ఇంక ఊరూరా తిరిగే బోధకుల గురించి, వస్తే ప్రభువుని చేర్చుకున్నట్టు చేర్చుకోండి, ఒక రోజు ఉండొచ్చు, అవసరమైతే రెండో రోజు, మూడు రోజులుంటే అబద్ధ ప్రవక్త. వెళ్ళేటప్పుడు దారికి రొట్టె తప్ప ఏమీ తీసుకోకూడదు, డబ్బు అడిగితే అబద్ధ ప్రవక్త. ఊళ్ళో స్థిరపడాలనుకున్న విశ్వాసి వస్తే ఏదైనా పని చేసుకుని తినాలి. సంఘ పెద్దలు, సేవ చేసే కుర్రాళ్ళు అందరూ ఇది చదవాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను. అథనాసియస్ కూడా దీన్ని 27లో చేర్చలేదు గానీ కొత్తగా చేరేవాళ్ళకి చదివించవచ్చు అని హెర్మాస్ కాపరి అనే ఇంకో పుస్తకంతో పాటు దీని పేరు కూడా చెప్పాడు.

తోమా సువార్త అందరూ అడిగేది. 1945లో ఈజిప్టులో నాగ్ హమ్మాది దగ్గర మట్టి కుండలో దొరికిన కోప్టిక్ (ఈజిప్టు పాత భాష) పుస్తకాల్లో ఇది పూర్తిగా దొరికింది. కథ లేదు, అద్భుతాలు లేవు, సిలువ లేదు, పునరుత్థానం లేదు, యేసు చెప్పాడు, యేసు చెప్పాడు అంటూ 114 మాటలు. వీటిలో విత్తేవాడి ఉపమానం, ఆవగింజ ఉపమానం లాంటివి మన సువార్తల్లో ఉన్నవే కొంచెం మార్పుతో, మిగతావి గూఢంగా ఉంటాయి, రహస్య జ్ఞానం వెతుక్కునే చిన్న గుంపుల కోసం. కొన్ని మాటలు చాలా పాతవి అయ్యుండొచ్చు అని కొందరు, పుస్తకం మొత్తం రెండో శతాబ్దానిదే అని కొందరు. మత్తయి, మార్కు, లూకా మూడూ చదివాక దీన్ని తీసుకుంటే పోల్చుకోవడంలో నిజంగా చాలా నేర్చుకుంటారు, అవి చదవకుండా తీసుకుంటే చేతికి ఏమీ దొరకదు. దీన్ని తోమా బాల్య సువార్తతో కలపకండి, అది వేరే పుస్తకం, చిన్నప్పటి యేసు మట్టితో పిచ్చుకలు చేసి ఎగరేసిన కథ అందులోది. మట్టి పక్షికి ప్రాణం వచ్చిన ప్రస్తావన ఖురాన్ లో కూడా ఉంది కాబట్టి ముస్లిం స్నేహితులతో మాట్లాడేటప్పుడు ఈ పుస్తకం గురించి తెలిసి ఉండటం మంచిది.

కాథలిక్ ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఇంకో పుస్తకం ముందు చెప్తాను, యాకోబు పేరుతో ఉన్న బాల్య సువార్త, రెండో శతాబ్దానిది. మరియమ్మ తల్లిదండ్రులు యోవాకీము, అన్నమ్మ అనే పేర్లు కొత్త నిబంధనలో ఎక్కడా లేవు, వచ్చింది ఇందులోంచే. జూలై 26న చేసే వాళ్ళ పండుగ మూలం ఇక్కడుంది. మరియమ్మ ఎవరు, ఎలా పుట్టింది, ఎలా పెరిగింది అని విశ్వాసులు అడిగిన ప్రశ్నలకి భక్తితో ఇచ్చిన జవాబు. చరిత్ర కోసం కాకుండా పండుగలు, బొమ్మలు, మొక్కులు ఎక్కడి నుంచి పుట్టాయో తెలుసుకోడానికి చదవాలి.

ఇండియా సంబంధం కోసం వెతికేవాళ్ళకి తోమా కార్యములు. మూడో శతాబ్దంలో సిరియాక్ భాషా ప్రాంతంలో, బహుశా ఎదెస్సాలో రాసింది. అపొస్తలులు దేశాలు పంచుకున్నప్పుడు తోమాకి ఇండియా వస్తుంది, నేను వెళ్ళను అంటాడు, అప్పుడు ప్రభువే ఆయన్ని హబ్బాను అనే వ్యాపారికి బానిసగా అమ్మేస్తాడు. గుండఫోరస్ రాజు ప్యాలెస్ కట్టమని డబ్బిస్తే తోమా దాన్ని పేదలకి పంచేసి, పరలోకంలో నీకు ఇల్లు కట్టాను అంటాడు. ఆ పేరుతో వాయవ్య ప్రాంతాన్ని, అంటే ఇప్పటి పాకిస్తాన్ వైపు ఏలిన రాజు నిజంగా ఉన్నాడని నాణేలు దొరికాయి, కథంతా చరిత్ర అని దాంతో తేలిపోదు. కేరళ సంప్రదాయం, మన పక్కనే ఉన్న చెన్నై మైలాపూర్ సంప్రదాయం వేరే దారిలో వచ్చినవి, ఈ పుస్తకంలో అవి వెతికితే దొరకవు. చదవడానికి మాత్రం చాలా బాగుంటుంది.

తొలి సంఘ పెద్దలు రాసిన క్లెమెంతు మొదటి పత్రిక, ఇగ్నేషియస్ ఏడు పత్రికలు సంఘ చరిత్ర లోతుగా చదివేవాళ్ళకి, మిగతావాళ్ళు తర్వాత చూసుకోవచ్చు.

ప్రకటన గ్రంథం గురించి గట్టిగా ఒక మాట. మన దగ్గర చాలామంది యువకులు మొదట దాని మీదే పడతారు, మృగం, 666, యుగాంతం అని. దాన్ని చివరికి ఉంచండి. అది పత్మాసు దీవిలో ఉన్న యోహాను, ఎఫెసు, స్ముర్న, పెర్గము మొదలైన ఏడు సంఘాలకి పంపింది, అవన్నీ ఇప్పటి టర్కీ పశ్చిమ భాగంలో ఉన్న నిజమైన ఊళ్ళు. చక్రవర్తిని దేవుడిగా మొక్కాలన్న ఒత్తిడిలో నలుగుతున్నవాళ్ళకి, మీరు ఓడిపోలేదు అని చెప్పడానికి. 2, 3 అధ్యాయాలు ముందు చదివి ఆ ఏడు ఊళ్ళవాళ్ళ కష్టాలేంటో తెలుసుకున్నాక మిగతాది చదివితే భయం తగ్గుతుంది, ధైర్యం వస్తుంది, రాసింది దానికే.

ఏ తెలుగు బైబిల్ అని అడుగుతారు. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళు తెలుగులోకి మార్చడం మొదలుపెట్టింది కూడా సువార్తలతోనే. సంఘాల్లో వాడే పాత గ్రాంథిక వెర్షన్ కంఠతా పట్టడానికి, ప్రార్థనకి ఎంతో అందంగా ఉంటుంది, అయితే పత్రికలు మొదటిసారి చదివేటప్పుడు వాడుక భాషలో ఉన్న కొత్త అనువాదం ఏదైనా ఫోన్ యాప్ లో పెట్టుకోండి, పౌలు పొడుగాటి వాక్యాలు గ్రాంథికంలో మొదటిసారికి అందవు. సంఘంలో నలుగురు కలిసి చదువుతుంటే ఒకరు పైకి చదవండి, మిగతావాళ్ళు పుస్తకం మూసేసి వినండి, ప్రకటన మొదటి అధ్యాయంలోనే చదివేవాడు ఒకడు వినేవాళ్ళు చాలామంది అని ఉంది, ఇవన్నీ అలా వినడానికి రాసినవే. అలా చదవడం మీకు కొత్తయితే ఫిలేమోనుతో మొదలుపెట్టండి, 25 వచనాలు, ఐదు నిమిషాలు. బానిస ఒనేసిముని యజమాని దగ్గరికి తిరిగి పంపుతూ, ఇతన్ని ఇంక బానిసగా కాదు ప్రియమైన సోదరుడిగా చేర్చుకో, ఏమైనా బాకీ ఉంటే నా లెక్కలో వెయ్యి, నేను తీరుస్తాను అని జైల్లో ఉన్న పౌలు సొంత చేత్తో రాసిన ఉత్తరం. ఆ ఉత్తరం ఫిలేమోను ఇంట్లో కూడే సంఘానికి కూడా రాసిందే, అంటే సంఘమంతా వింటుండగా ఆయన జవాబు చెప్పాలి.